డాగు పండ్లు

అవీర్ మార్కెట్ల రాత్రి రెండింటికే తెల్లారుతది.
కంటేనర్ తలుపు తీస్తే
ముందుగాల చలి దిగుతది,
దాని వెనుక ఇరాన్ పుచ్చకాయ, మిసర్ నారింజ,
ఇంకా పచ్చి నిద్రల ఉన్న ఫిలిప్పీన్ అరటి.
వీసా అడిగేటోడు లేడు వాటిని.
అన్నీ నా భుజం మీదికెల్లే
దుబాయిల అడుగు పెడతయి.

ఒత్తు తగిలినయి, మూల నలిగినయి,
డాగు పడ్డయి సేఠుకు పనికిరావు.
"లేజావ్" అంటడు బలూచీ మేస్త్రి, మొకం చూడకుంటనే.
మొదటిసారి సంచి తెచ్చి రూముల కుమ్మరిస్తే
ఎనిమిది మంచాలోళ్లు లేచి కూసున్నరు.

మా ఇంట్ల పండ్లంటే జరమొచ్చినోనికే.
సంచిల బత్తాయిలు గనవడితే చాలు
"ఎవలికి బాగలేదు?" అని వాడంత అడిగేది.
మా నాయిన జల్మల తిన్నది ఒక్క ఆపిల్,
జగిత్యాల దవాఖానల.
అదీ నాలుగు పాయలు జేసి
మూడు మాకిచ్చి.

అసొంటిది, రోజూ పండ్లు!
మెస్సుకు కట్టే మూడొందల దిర్హాములు
మిగులుతయని లెక్క గట్టిన.
పొద్దుగాల ఆరు అరటి,
పగటికి సగం పుచ్చ,
రాత్రికి మామిడో ద్రాక్షో, ఏది మెత్తవడితే అది.
పొయ్యి లేదు, గిన్నె లేదు, వంతు లేదు,
పండు తినుడు, పండుకునుడు.

ఫోన్ల లచ్చవ్వ మురిసింది.
"షావుకార్ల తిండి దొరికింది నీకు,
మొకం నిగనిగలాడుతున్నదా?"
ఆడింది, రెండు నెలలు.

మూడో నెల
కడుపు కుండ లెక్క, ఆకలి మాత్రం అట్లనే.
పండ్లు తిని తిని పండ్లు జివ్వుమన్నయి.
నోట్లె ఉన్నదానికీ చేతిల ఉన్నదానికీ
ఒక్కటే పేరు పెట్టినోడు
ఇదంత ముందే ఎరుకై పెట్టిండో ఏమో.
ఇరవై కిలోల పెట్టె ఎత్తితే
మోకాళ్లు నన్నడుగకుంటనే వంగినయి.

రూముల పంచాయితి.
ఓదెలన్నడు: "దేవునికి పెట్టేది పండే గదనే,
అది చెడు జేస్తదా?"
గంగమల్లు ఉల్లిగడ్డ కోసుకుంటనే:
"దేవుడు తింటడా? సూస్తడు.
అందుకే ఆయనకు షుగర్ లేదు."
"మరి కోతులు?"
"కోతి కంటేనర్లు దించదు."

నాకూ గుట్ట యాదికొచ్చింది.
చిన్నప్పుడు సీతాఫలాలు కడుపునిండ తింటిమి,
రేగ్గాయలు జేబుల నిండ, గింజలు తొవ్వ నిండ.
ఏం కాలే.
అయితే ఆ కాలం పది దినాలే,
మిగిలిన ఏడాదంత గట్కే.

క్లినిక్‌ల మలయాళీ నర్సు, పేరు షైనీ,
"పండు మంచిదే, ఎన్ని తింటవ్?" అని హిందీల అడిగింది.
ఏండ్ల మీద లెక్క జెప్పుడు మొదలువెట్టిన.
రెండు చేతులు అయిపోయినయి,
ఆమె పెన్ను కింద పెట్టింది.
నవ్వుతదనుకున్న, నవ్వలే.
"షుగర్ గట్టు మీద నిలవడ్డది,
రక్తం పలుచగైంది.
పండు అన్నం పక్కన కూసుంటే మంచిది.
అన్నం జాగల కూసుంటే..."
అంతలనే తర్వాతోని టోకెన్ పిలిచిండ్రు.
ఆ మాట అట్లనే సగం కోసిన పుచ్చ లెక్క
బల్ల మీద ఉండిపోయింది.

చీటీ ఇప్పి సూస్తే మందులు లేవు.
పప్పు, గుడ్డు, రొట్టె.
కింద చిన్నగ: పండు ఒకటి, లేదంటే రెండు.

మెస్సు పైసలు కట్టిన, చెయ్యి కొంచెం గుంజింది.
గంగమల్లు పెసరపప్పు పోసిండు, పచ్చిపులుసు పోసిండు,
ఏం అనలే, ఇంకో గరిటె పోసిండు.
మొదటి బుక్కకు కండ్లల్ల నీళ్లొచ్చినయి,
మిరపకాయదే అని చెప్పిన.

సంచిల ఆ రాత్రి ఒక్కటే నారింజ,
డాగు ఉన్న దిక్కు గోడకు తిప్పి పెట్టిన.

అప్పుడే ఫోను.
"ఇయాల్ల ఏం పండు తిన్నవ్?"
"పప్పు తిన్ననే, పప్పూ అన్నం."

లచ్చవ్వ జరసేపు ఏం మాట్లాడలే.
వెనుక ఎవలో టీవీ సప్పుడు తగ్గించిండ్రు.
తర్వాత, మెల్లగ,
వాడంత వినకుండ అడిగినట్టు:

"ఏమైంది?
పానం బాగలేదా?"