రెండు తలుపులూ ఒకేసారి తెరవకూడదు

నరసాపురం లాకు దగ్గర పనిచేసే మనిషి
అంతరిక్షం గురించి రాస్తాడంటే
మొదట్లో మా ప్రెస్సులో ఎవరం నమ్మలేదు.
పెచ్చెట్టి గవరయ్య.
నీటిమట్టాలు నమోదుచేసే సర్కారు రిజిస్టర్లో
వెనక పేజీల నుంచి ముందుకి
ఇరవయ్యేడేళ్లు ఒకే కథ.
తొమ్మిదో ఆవరణ.
ప్రతి గురువారం, మా వారపత్రికలో,
కొబ్బరి ధరల పక్కన.

ఆయన ఓడకి రెండు తలుపులు.
ఒకటి మూసుకున్నాకే రెండోది.
లోపలి గాలీ బయటి శూన్యమూ
మెల్లగా ఒక మట్టానికి రావాలి.
"సదువుకున్నోళ్లు దీన్నేవంటారో నాకు తెల్దబ్బాయ్,
నేను పడవల్ని దాటించేది ఇలాగే" అన్నాడు.

గ్రహాలకి వరి పేర్లు పెట్టాడు.
అక్కుళ్లు, మసూరి, స్వర్ణ.
స్వర్ణకి రెండు చందమామలు,
అందులో ఒకటి తాలు.
ఓడకి సరంగు ఒక ఆడమనిషి, వరాలు.
ఎన్నిసార్లు చచ్చిందో నాకే లెక్క.
ఆ చావులన్నీ పేర్చింది నేనే కదా,
ఎడంచేతిలో స్టిక్కు, తిరగేసిన అక్షరాలు.

ఏటా వేసవిలో కాలువలు కట్టేసేవారు.
లాకులో బురద తేలేది,
మిగిలిన చారెడు నీళ్లలో జెల్లలు కొట్టుకునేవి,
ఆయనకి పనుండేది కాదు.
ఆ నెలలోనే లోకాలన్నీ అంతమయ్యేవి.
ఒక ఏడు ఎండి, ఒక ఏడు మునిగి,
ఉప్పెన వచ్చిపోయిన మరుసటేడు మాత్రం
ఊరికే, ఎవరో పిలిచినట్టు,
లేచి వెళ్లిపోయాయి.
ఆ భాగానికి వంద కార్డులొచ్చాయి.
మొగల్తూరు నుంచి ఒకావిడ రాసింది:
"మా చంటాడు ఆ ఓడలో ఉన్నాడేమో చూసి చెప్పండి."
గవరయ్య చూశాడు.
తరవాతి వారం
ఓడలో ఎక్కడో ఓ చంటాడు ఏడుస్తున్నాడు.

జూన్లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలితే
మళ్లీ మొదలు.
ముందు నురగ, గుర్రపుడెక్క, తెగిన చెప్పులు,
ఆ వెనక ఎర్రనీరు.
"సృష్టంటే ఇంతేనా గవరయ్యా?"
"సెత్త ముందు రావాల."

ఆయనకి చెప్పని సంగతి ఒకటుంది.
ప్రతి గురువారం రాత్రి ఆయన విశ్వాన్ని
కిరసనాయిలుతో కడిగి
ఏ అక్షరాన్ని ఆ గడిలో పడేసేవాణ్ణి.
మర్నాడు అదే సీసం
శుభలేఖయ్యేది, రొయ్యల వేలం నోటీసయ్యేది.
వరాలులోని 'వ' ఎన్ని గుమ్మాలెక్కిందో.
ఒక్క మాట మాత్రం ఎప్పుడూ విప్పలేదు:
సశేషం.
దారం చుట్టి కిటికీలో పెట్టుకునేవాణ్ణి.
'శే' తలకట్టు అరిగిపోయింది.
సమాప్తం ఆయన ఏనాడూ అడగలేదు.
ప్రళయం కింద కూడా సశేషమే.

ఈ ఏడు కట్టిన కాలువ తెరవకముందే
గవరయ్య పోయాడు.
చివరి కాగితంలో
వరాలు లోపలి తలుపు మూసింది.
అంతే.
బయటిది ఇంకా తెరవలేదు.
మధ్యలో ఎంత గాలుందో రాయలేదు.

ఆ భాగం పేర్చి, అచ్చు కొట్టాక
విప్పకుండా గేలీలోనే ఉంచాను.
అక్షరాలు చాలట్లేదని ఓనరు అరిచాడు.
పెద్దకర్మ కార్డు పని మాకే వచ్చింది.
'ర'లు తక్కువ. 'య' వత్తు ఒక్కటీ లేదు.
ఓడలోంచే తీశాను.
కొన్ని స్వర్ణలోంచి, కొన్ని తాలు చందమామలోంచి,
ఆఖరికి
వరాలు ఊపిరి బిగబట్టిన వాక్యంలోంచి.

ప్రూఫు చూడ్డానికి ఆయన కూతురు మాణిక్యాంబ
సఖినేటిపల్లి నుంచి పంటు దాటి వచ్చింది.
ఇంటిపేరులో జారిపోయిన 'ట' వత్తు దిద్దింది.
తేదీ దిద్దింది.
కార్డు అడుగున ఆ మాట ఉంది.
నేను కావాలని పెట్టానో
చేతి అలవాటో
ఇప్పటికీ చెప్పలేను.
ఆమె పెన్సిలు దానిమీద కాసేపు ఆగింది.
"ఎన్ని కొడుతున్నారు?"
రెండొందలన్నాను.
"ఇంకో యాభై కొట్టండి."