ఏడో గడి

హన్మకొండ లేబరాఫీసు గేటు ముంగట
నా టైపు మిషను, ఒక గొడుగు, రెండు స్టూళ్లు.
అర్జీకి నూటయాభై. జిరాక్సులకు వేరే.
ఇరవై ఏండ్ల సంది
తెగిన వేళ్లను రాసిన, విరిగిన నడుములను రాసిన,
కరెంటు కాల్చిన చేతులకు అణాపైసల లెక్క గట్టిన.
అన్నిట్ల ఏడో గడి అలకటిది:
ప్రమాదం జరిగిన తేదీ.

సింగారపు శౌరయ్య వచ్చి కూసున్నడు.
కూసున్నడు అంటె,
రోడ్డు దాటి, ఆగి, కరెంటు స్తంభం పట్టుకొని,
వెనకబడ్డ ఊపిరి వచ్చి కలిసేదాక చూసి
అప్పుడు కూసున్నడు.

కాజీపేట డీజిల్ షెడ్డు. కాంట్రాక్టు కూలి.
లోడ్ బాక్సు కాడ పని.
ఇంజను కదలదు, ఎనిమిదో నాచ్‌ల నిలబడి మొత్తుకుంటది,
నెత్తి మీది గొట్టంల నుంచి నల్లగ కక్కుతది.
దాని పక్కన ఈయన,
ముక్కుకు భార్య పాత చీర పేలిక.
"చలికాలం పొగ పైకి పోదు సారూ,
మనిషెత్తుకే నిలబడ్తది,
మనం యాడికి పోతె ఆడికి."

దవాఖాన కాయితం తీసిచ్చిండు.
పొగ తాగే అలవాటు: ఉంది.
"బీడి ముట్టలేదు సారూ ఎన్నడు.
డాక్టరమ్మ అడిగింది, పొగ తాగుతవా అని.
తాగిన అన్న. ఇరవై రెండేండ్లు.
అబద్ధం ఎట్ల చెప్త?"

మూడుసార్లు పెట్టినం అర్జీ.
మూడుసార్లు తిరిగొచ్చింది, ఏడో గడి ఖాళీ అని.
నేను గూడ అన్న:
పోనీ ఒకటి వేద్దాం శౌరయ్యా, ఏదో ఒక సోమవారం.
ఆయన నిజంగనే ఆలోచించిండు, చానాసేపు.
"ఏ సోమవారం సారూ?"

ఆ పొద్దుమీకి
రోజూ మిషను తుడిచే గుడ్డను
మొదటిసారి విప్పి చూసిన.
బస్టాండు నా ఎదురుంగనే ఉంటది.

షెడ్డుకు కాయితం రాసినం.
ఇంజనుకు పుస్తకం ఉన్నది,
ఎన్నడు నూనె మార్చిండ్రు, ఎన్నడు ఏ బోల్టు అరిగింది,
తుక్కు కింద కోసిన దినంతో సహా.
శౌరయ్య ఏ పుస్తకంల లేడు.
కాంట్రాక్టరు మారిండు, మల్ల మారిండు.
ఇప్పుడు తీగెల కింద ఇంజన్లు సప్పుడు లేకుంట పోతున్నయి,
సాక్ష్యం చెప్పాల్సిన పొగ
ఎన్నడో ఫాతిమానగర్ మీదికెళ్లి లేచిపోయింది.
పోనిది ఆయన లోపల్నే ఉన్నది,
పిలవకముందే దగ్గుల పలుకుతది.

నాలుగోసారి భార్య వచ్చింది, ఇన్నమ్మ.
నెత్తి మీద యూరియా సంచి.
దించితె క్యాలెండర్లు.
కిరాణం కొట్టు ఇచ్చినయి, చిట్టీల కంపెనీ ఇచ్చినయి,
చర్చిల పంచినయి,
మూలలు ఎలుకలు కొట్టినయి.
కాంట్రాక్టరు కూలి ఎగ్గొడ్తడని
మొగడు డ్యూటీకి పోయిన ప్రతి తేదీకి సున్న చుట్టింది.
రాత్రి డ్యూటీకి రెండు సున్నలు.
నడుమ పాల లెక్క, గ్యాసు బండ పెట్టిన దినం.
ఒకకాడ 'రక్తం' అని రాసి,
కొట్టేసి, పక్కన 'జలుబు' అని రాసుకున్నది.
నా వేలు ఆడ ఆగింది.
ఇన్నమ్మ చూసింది,
నా వేలును పక్కకు జరిపి కాయితం తిప్పింది.

"తేదీ అడుగుతుండ్రట గద. ఇగో."

ఏడో గడిల టైపు కొట్టిన:
జతపరచిన ఇరవై రెండు సంవత్సరములు.

లోపల గుమాస్తా సంచి దిక్కు చూసిండు, ఫ్యాను దిక్కు చూసిండు.
"వీట్ల ఒక్కటి చెప్పుండ్రి" అన్నడు.
మేం ముగ్గురం ఏం మాట్లాడలే.
శౌరయ్య దగ్గిండు.
గుమాస్తా, ఎందుకో మరి, ముద్ర గుద్దిండు.

విచారణ వచ్చే నెల పంతొమ్మిది.
గేటు బయట నా పెన్నే అడుక్కొని
ఇన్నమ్మ ఈ ఏటి క్యాలెండరు తీసింది.
పంతొమ్మిది చుట్టు ఒక సున్న.
జరసేపు చూసి,
ఇంకో సున్న.