యాడ తిందాం

జూన్ నెల. చిత్తూరు బైపాస్ దాటితే
గాలంతా తోతాపురి వాసన.
ఫ్యాక్టరీ గేటు కాడ్నించి రెండు మైళ్ళు ట్రాక్టర్లు,
ట్రాక్టర్ల కింద తువ్వాళ్ళు పరుచుకున్న మనుషులు.
ఆ వరస పక్కన్నే నా ఇన్నోవా
హారన్ కొట్టుకుంటా పోతాది.
లోపల నలుగురు బ్రెజిలోళ్ళు,
రసం తీసే కొత్త మిషను బిగించను వచ్చినోళ్ళు.
"చెంగల్రాయా, వాళ్ళకేం కావాలో కనుక్కో"
అన్నాడు మేనేజరు.
ఏ బాషలో కనుక్కోవాలో చెప్పలా.

మొదటి రోజు పన్నెండున్నరకు
ఐదేళ్ళూ నోటి కాడికి తెచ్చి అద్దంలో అడిగినా:
యాడ?
నలుగురూ ఒకరి మొగాలొకరు చూసుకున్నారు.
మా ఇంట్లోనూ ఇదే చూపు.
ప్రతి ఒక్కరి మనసులో ఒక చోటు ఉంటాది,
ఎవరూ ముందు నోరు తెరవరు.
కడాకు జురాందిర్ అన్నాడు
"అ జెంచి ప్రెఫేరి అలీ."
ఆయన వేలు పోయిన కాడ
చిరిగిన గొడుగు కింద పలావు బండి.

రెండు వారాల్లో నాకు అంతమాత్రం బాష వచ్చింది.
అకీ అంటే ఈడ.
అలీ అంటే ఆడ, కంటికి ఆనే ఆడ.
లా అంటే కొండకు అవతల ఆడ.
ఇంకోటి ఉండాది, అయీ.
నువ్వుండే కాడ అని.
దానికి మనకు విడిగా మాట లేదు గానీ
మా నాయన పాకాల నుంచి ఫోన్ చేసి
"ఆడ వానా?" అంటాడే,
ఆ ఆడ.

అ జెంచి మాత్రం తెగలా.
ఇవోనీ, వాళ్ళల్లో పెద్దామె,
గోళ్ళల్లో ఎప్పుడూ గ్రీజు ఉంటాది,
ఫోన్లో రాసి చూపించింది: జనం.
జనం అంటే వాళ్ళేనంట.
నలుగురున్నా క్రియ ఒకరికే వేస్తారంట,
నలుగురికీ కలిపి ఒకటే కడుపు ఉన్నట్టు.

"అయితే మనమా? మేమా?" అన్నా.
ఆమెకు అర్థం కాలా.
బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి
గుండ్రంగా గీసినా.
నాలుగు చుక్కలు లోపల, ఐదోది బయట. మేము.
పక్కనే ఇంకో గుండ్రం,
ఐదోది కూడా లోపల. మనము.
ఐదో చుక్క ఎవరో చెప్పలా.
ఇవోనీ ఆ తడి ఆరేదాకా చూసి
"దెపెంది" అనింది.
అది నాకు తెలిసిన మాటే, మా మేనేజరు కూడా
జీతం అడిగితే ఇంగ్లీషులో అట్లాంటిదే అంటాడు.

మిషను తిరిగింది. మొదటి డ్రమ్ము నిండిన రాత్రి
తిరపతిలో ఏసీ హోటలు బుక్ చేసినారు.
పై అంతస్తు, తెల్లగుడ్డ పరిచిన బల్ల, ఐదు కుర్చీలు:
వాళ్ళకు నాలుగు, మేనేజరుకు ఒకటి.
డ్రైవర్లకు కింద పార్కింగు పక్కన, కూపన్ మీద.
సాంబారు బాగానే ఉంటాది, అబద్ధం ఎందుకు.

కారు డోరు తీసి నిలబడినా. ఎవరూ ఎక్కలా.
వరసలో బంగారుపాళెం ట్రాక్టరు కాడ
మూడు రాళ్ళ మీద సంగటి గెలుకుతా ఉండారు.
ఇవోనీ ఆ పొగ పక్క చూసింది,
మిగతా ముగ్గురినీ చూసింది.
"అ జెంచి ప్రెఫేరి ఫికార్ అకీ."

"ఏమంటాంది?" అన్నాడు మేనేజరు.

నోట్లో రెండు మాటలు. రెండూ తప్పు కాదు.
ఒకటంటే నేను కారు కాడ,
ఇంకోటంటే సంగటి కాడ.
"మనం ఈడ్నే తిందాం అంటాంది సార్."
"మనమా?" అని ఆయన తన బూట్లు చూసుకున్నాడు.
అప్పుడు తట్టింది నాకు,
ఆయన్ను కూడా లోపలికి లాగేసినానని.

తిన్నాం. ముద్ద కాలి క్లెబెర్ వేళ్ళు ఊదుకున్నాడు.
ఊరుబిండి కారానికి జురాందిర్ కండ్లల్లో నీళ్ళు.
వడ్డించిన మనిషి, మూడు దినాలుగా టోకెన్ కోసం ఉండే మనిషి,
చెయ్యి కడుక్కోని మేనేజరు ముందర నిలబడినాడు.
"సార్, కాయ మెత్తబడిపోతాంది.
మా వరస ఎప్పుడొస్తాది?"

ఆ "మా" ఏ గుండ్రమో
అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలా.
ఇవోనీ నా మోచెయ్యి తట్టింది, ఏమన్నాడని.
"అ జెంచి..." అని మొదలుపెట్టి
క్రియ కోసం వెతుక్కుంటా
ఆడ్నే ఆగిపోయినా.