నలభై ఏడు, ఎడమ

తుర్కులో జనవరి. మూడింటికే చీకటి.
అవురా నది గడ్డకట్టింది,
దాని మీద ఎవరిదో సైకిలు జాడ.
ఆసుపత్రి నేలమాళిగలో ఇర్మెలి
ఐసు తొట్టెలో గాజుగొట్టాలు సర్దుతోంది.

చీటీ మీద రెండే మాటలు: నలభై ఏడు, ఎడమ.
పేరు పై అంతస్తులోనే ఆగిపోయింది.
కిందికి దిగింది అండాశయపు తిత్తిలోని నీరు మాత్రం,
నాలుగు చెంచాలు,
ఎండుగడ్డి నానబెట్టిన రంగు.

ఈథర్ పోసి కుదిపితే
ఈస్ట్రోజెన్ నీళ్లు వదిలి పైకొస్తుంది.
అడుగుని గడ్డకట్టించి పైది వంచుకోవాలి.
ఆవగింజలో అరవయ్యో పాలంటామే,
ఇక్కడ అది కొండ.
ఆమె వెతికేది ఆ కొండ మీది దుమ్ము.

ఒక కుందేలు రక్తం నేర్చుకున్న గుర్తింపు,
దాని ముందు కాసిని పీటలు.
రేడియోధార్మిక బొట్టు పెట్టిన హార్మోనొకటి,
తిత్తిలోంచి వచ్చిందొకటి,
రెంటికీ తోపులాట.
చోటు దొరకనిదాన్ని బొగ్గుపొడి తాగేస్తుంది.
కూర్చున్న బొట్లని యంత్రం రాత్రంతా లెక్కపెడుతుంది.

పొద్దున కాగితం మీద
అన్ని గొట్టాలకీ నాలుగంకెల లెక్క,
నలభై ఏడుకి నూట పన్నెండు.
"ఒట్టిపోయిందిది," అన్నాడు
కొత్తగా చేరిన టపియో, కాఫీ కప్పుతో.

మన ఇళ్లలో బియ్యం అయిపోతే
అయిపోయాయనం, నిండుకున్నాయంటాం.
ఈ యంత్రానిదీ అదే మర్యాద, తిరగేసి.
తిత్తిలోదే పీటలన్నీ ఆక్రమిస్తే
బొట్టు పెట్టినదానికి చోటెక్కడిది?
నిండుగా ఉన్నచోటే
అది చిన్న అంకె చెబుతుంది.

గీత మీద ఆననంత ఎక్కువ.
వందింతలు పలచన చేసింది. ఆనలేదు.
వెయ్యింతలు.
ఆ మర్నాటికి ఆనింది.

రిజిస్టరులో సిరాతో రాసింది.
డాక్టరు ప్రశ్న అదే వరసలో ఉంది:
వయసు యాభై ఒకటి, ముట్లు ఉడిగినట్టేనా?
జవాబుకి గడి లేదు.
మిగిలిన చెంచాడు నీటిని
మళ్లీ ఫ్రీజర్లో పెట్టి
చేతులు రెండుసార్లు కడుక్కుంది.
ఈథర్ వాసన పోలేదు.

బస్టాపులో, మైనస్ పన్నెండులో,
ఒకామె కోటు గుండీలన్నీ విప్పేసి
మడిచిన పేపరుతో మెడకి విసురుకుంటోంది.
ఈమె నలభై ఏడు కాదు. ఇర్మెలికి తెలుసు.
అయినా బెంచీ మీద
కాస్త జరిగి చోటిచ్చింది.