ఎడమ మడ్‌గార్డు

పెట్టె మీద బొమ్మ డాడ్జ్. మాది ఫార్గో.
కెనడాలో అదే బండిని ఆ పేరుతో అమ్మేవాళ్ళు.
పేరు మారినా పెట్రోలు తాగే అలవాటు మారలేదనేవాడు నాన్న.

కాబట్టి మొదటి సాయంత్రం
కట్టడం కాదు, చెరపడం.
బానెట్ మీది అయిదక్షరాలూ బ్లేడుతో గీకి
నున్నగా రుద్దాను.
ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి మీద వెచ్చబెట్టి లాగితే
వెంట్రుకంత దారం వస్తుంది.
తుంచి, వంచి, భూతద్దం కింద అతికిస్తుంటే
ఓ అక్షరం జారి కార్పెట్‌లో పడింది. ఓ అక్షరమే.
రెండు రోజులు మా ఇంట్లో ‘ఫార్గ్’ ఉంది.

డెబ్బై నాలుగేళ్ళ చేతులు. పొద్దున వణుకుతాయి.
సాయంత్రం నాలుగింటికి, టీ తాగాక,
ఎందుకో చెప్పిన మాట వింటాయి.
ఆ గంటన్నరే నా వర్క్‌షాపు.
కిటికీ అవతల మైనస్ ముప్పై,
గోధుమ ఎలివేటర్ మీద ఒకే ఒక్క దీపం.

తుప్పు సీసాల్లో అమ్ముతారు. నేను కొనలేదు.
గిన్నెలు తోమే ఉక్కుపీచు వెనిగర్‌లో నానేసి
పన్నెండు రోజులు ఆగాను.
ముందు తుప్పు, దాని మీద జుట్టుకి కొట్టుకునే స్ప్రే,
ఆ పైన ఆకుపచ్చ.
ఆరాక తడి కుంచెతో రుద్దితే
రంగు పొరలుగా లేచి
ఎప్పట్నించో అక్కడే ఉన్నట్టు తుప్పు బయటపడుతుంది.
అసలు బండిలో ఈ వరస తిరగబడి ఉంటుంది.

నేల గడ్డకట్టక ముందే, అక్టోబరులో,
మా పాత పొలం దారి మట్టి తెచ్చిపెట్టుకున్నాను.
మేజోడులో మూడుసార్లు జల్లించినా
టైర్ల మీద బండరాళ్ళలా కూర్చుంది.
బండిని ఇరవై అయిదో వంతుకి కుదించొచ్చు,
మట్టి ఒప్పుకోదు.

ఇక ఎడమ మడ్‌గార్డు.
పదకొండు వారాలు దాన్ని పక్కన పెట్టాను.

అరవై నాలుగు జూలై. నాకు పదమూడు.
తాళం బండిలోనే ఉండేది, అందరి బండ్లలోనూ ఉండేది.
క్లచ్చి అందాలంటే సీటు అంచుకి జారాలి,
జారితే దారి కనబడదు.
దారి చూస్తే క్లచ్చి అందదు.
రెండింటికీ మధ్యలో గేటు స్తంభం వచ్చింది.

రాత్రి భోజనాల దగ్గర నాన్న,
ఉప్పు ఇటివ్వమన్నంత మామూలుగా, ‘ఎవరు?’ అన్నాడు.
బంగాళదుంప నములుతూనే ఆర్విడ్ ‘నేను’ అన్నాడు.
నాకంటే ఏడాది పెద్ద.
ఆ వేసవంతా వాడు పొలంలో రాళ్ళేరాడు.
రోజుకి రెండుసార్లు, అడక్కపోయినా,
నేను మంచినీళ్ళు మోశాను.

లోపలి వైపు నుంచి అరగదీశాను,
దీపానికి అడ్డం పెడితే వెలుగు కనబడేంతగా,
గుడ్డు పెంకంత పలచగా.
చెంచా కాడ కాల్చి ఒత్తాను. ఒక్కసారే.
రెండోసారి ఒత్తితే అది ప్రమాదంలా ఉండదు,
పనితనంలా ఉంటుంది.

ఆదివారం ఆర్విడ్ వచ్చాడు, శుక్లాలు తీయించుకున్న కొత్త కళ్ళతో.
బండిని అరచేతిలో పెట్టుకుని
‘ఎఫ్ వంకరగా ఉంది రగ్నా’ అన్నాడు.
అద్దాలు చూశాడు, అడుగు చూశాడు.
బొటనవేలి గోరు సొట్ట మీద ఆగింది.

‘ఇది ఇంకో రవ్వ పైకుండాలి.
నువ్వు బ్రేకు తొక్కావు. ముక్కు కిందికి దిగింది.’

నా టీ చల్లారింది.
‘నువ్వెక్కడున్నావ్?’

‘వెనక తొట్టిలో. గోనెసంచుల మీద నిద్రపోతున్నా.
తల వెళ్ళి క్యాబిన్‌కి కొట్టుకుంది.
లేచి చూసేసరికి నువ్వు బార్లీ చేలో పరిగెడుతున్నావ్.’
ఇంకో బిస్కెట్టు తీసుకుని
రోడ్ల మీద మంచు సంగతి మొదలెట్టాడు.

సొట్టను మార్చలేదు.
సోమవారం నాలుగింటికి
ఎండిన టీ సంచీని గోనె రంగులో ముంచి, కత్తిరించి
తొట్టిలో పరిచాను.
స్కేలు పెట్టి కొలిచాను కూడా.
పద్నాలుగేళ్ళ పిల్లాడు కాళ్ళు చాపుకుంటే
ఆరు సెంటీమీటర్లు.