మూడో ప్రొఫైల్

బితోమ్‌లో మా ఇల్లు కొంచెం వాలి ఉంటుంది.
కింద బొగ్గంతా తవ్వేశారు కదా,
పైన గోడలు ఆ ఖాళీని ఇంకా వెతుక్కుంటున్నాయి.
వంటింట్లో బఠాణీ గింజ జారితే
దానంతటదే కిటికీ దాకా వెళ్ళి ఆగుతుంది.
నా టేబుల్ కాలి కింద మడతపెట్టిన అట్టముక్క.
అయినా మౌస్ మీంచి చెయ్యి తీస్తే చాలు,
సిగ్గుపడుతున్నట్టు, మెల్లగా పడమరకు నడుస్తుంది.

ఆదివారం సంతలో కొన్నాను దాన్ని,
నలభై జ్లోటీలు చెబితే ముప్ఫై ఐదుకి.
పాత స్కేట్లకీ పింగాణీ కుక్కలకీ మధ్య
తోక చుట్టి పడుకోబెట్టి ఉంది.
ఎవరిదని అడిగితే
అమ్మే ఆవిడ భుజాలెగరేసింది.

ఇంటికొచ్చి తీగ గుచ్చాను.
దాని పొట్టలో ఐదు ప్రొఫైళ్ళకు చోటుంది.
మొదటిది కంపెనీవాళ్ళది.
రెండోది ఎవరో కుర్రాడు సరదాకి పెట్టి మరిచిపోయింది:
మూడువేల రెండొందల డీపీఐ,
ఊపిరి తగిలినా బాణం గోడ దూకుతుంది.
మూడోది తెరిచి ఆగిపోయాను.

నాలుగు వందలు.
కుడి ఎడమ బటన్లు తారుమారు.
రెండు క్లిక్కుల మధ్య గడువు
మోకాళ్ళ నొప్పులావిడ మెట్టు మీద నిలబడి
ఇంకో మెట్టు గురించి ఆలోచించేంత.
పక్కబటన్లు రెండూ నోరు మూసేసి ఉన్నాయి,
బొటనవేలు పొరపాటున తగులుతుందని కాబోలు.
చక్రం ఒక పన్ను తిరిగితే ఒక్క గీత, అంతే.
పేరు రాయాల్సిన చోట పేరు లేదు.
ఒక చుక్క ఉంది.

పుర్రచేతి వాటం మనిషి.
తొందర లేని మనిషో, తొందరపడలేని మనిషో.
ఉత్తరం దొరికితే చదవకుండా మడిచేస్తాం,
సెట్టింగులు దొరికితే ఏం చేయాలో
ఎవరూ నేర్పలేదు.

నేనాడేది ఎనిమిది వందల్లో.
రాత్రి పదకొండుకి గ్లివిత్సే నుంచి ఓక్తావియా చెవిలో అరుస్తుంది:
"మళ్ళీ ఎక్కువ లాగావు, మళ్ళీ తల దాటిపోయావు!"
ఏడొందల యాభై చేస్తాను, ఏడొందల ఎనభై చేస్తాను,
ఉప్పు చూసుకుంటూ వండే కొత్త కోడలిలా.
తప్పు చేతిదో అంకెదో తేలేలోపే
నన్ను చంపేస్తారు.

నిన్న నాన్న వచ్చి కూర్చున్నాడు.
గని మూసేశాక పాత పటాలన్నీ కంప్యూటర్లో పెట్టారట,
ఏడొందల ఇరవయ్యో మీటరు చూడాలట.
ఇరవై ఆరేళ్ళు డ్రిల్లు పట్టిన కుడిచెయ్యి,
డ్రిల్లు వదిలేసినా వణుకు వదల్లేదు.
చలికి వేళ్ళు సుద్దముక్కలవుతాయి.
ఎడమచేత్తో పట్టుకున్నాడు. బాణం
పటం మీద ఈగలా ముసిరింది.
"నాకొద్దులే" అన్నాడు, లేవబోతూ.

మౌస్ కడుపు కింద చిన్న మీట.
రెండుసార్లు నొక్కాను.

ఈగ వాలింది.

నాన్నేమీ అనలేదు. సొరంగం వెంట
నింపాదిగా, దీపం పట్టుకున్నవాడిలా వెళ్ళాడు.
ఒక మలుపు దగ్గర గొంతు సవరించుకున్నాడు,
అక్కడ ఎవరున్నారో నాకు చెప్పలేదు.
తర్వాత ఒకచోట ఆగి, క్లిక్ చేసి,
"ఇదిగో" అన్నాడు, "సరిగ్గా దీని మీదే మన వంటిల్లు."

కాసేపటికి తనే నవ్వాడు:
"కొండను తవ్వీ తవ్వీ, చూడవే,
చివరికి ఎలుకను పట్టాను!"

నాలుగొందలు ఆయనకి కాస్త బరువనిపించింది,
నాలుగొందల యాభై చేశాను.
భద్రపరచాలా, అని అడిగింది తెర.
దాని మీద కాదు, అన్నాను, పైకే.
నాలుగో గదిలో పెట్టాను.
నాన్న పేరు రాయబోయి
రెండు చుక్కలు పెట్టాను.

ఆయన టీ కోసం లేచాడు.
మౌస్ పడమరకు బయల్దేరింది.
పట్టుకోలేదు నేను.