మూడు వేల కిలోమీటర్లు

కనిగిరి డయాలసిస్ గదిలో
నాలుగో మిషను మీద గుడ్డ కప్పి నెలయింది.
గోడ టీవీలో కవాతు.
క్షిపణి బండి మెల్లగా పోతోంది
పెళ్లికొడుకు ఊరేగినట్టు.

"ఎంత దూరం పోద్ది అబ్బయ్యా అది?"
చెంచురామయ్య అడిగాడు.
ఫ్లోరైడు బిగించిన మెడ;
పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి.

మూడు వేల కిలోమీటర్లన్నాను.

"పొదిలి దాకా వచ్చిన సాగర్ నీళ్లు
మా ఊరికి ముప్పై నడవలేక
ఆడే ఆగిపోయినయ్యే!"

కొడుకు మిలిటరీ.
లడఖ్ మంచులో నిలబడి పంపే జీతం
ఇక్కడ క్యాను ఇరవై చొప్పున కరుగుతోంది.
కొడుకునేమీ అనడు. తుపాకీనీ అనడు.

"ఆ బండి చక్రం ఖరీదెంతో కనుక్కో.
ఒక్క చక్రం చాలు"
అంటూ గుడ్డ కప్పిన మిషను వైపు
మనిషంతా తిరిగాడు.